హారన్ మోగింది, త్రీ గ్రీన్ అన్నారు, చక్రాలు మాత్రం లోపలే ఉన్నాయి

ఆ సెనెకా విమానం చక్రాలు లేకుండా పొట్ట మీద దిగడానికి సరిగ్గా మూడు వారాల ముందు దాని స్నాగ్ బుక్కులో, అంటే పైలట్లు లోపాలు రాసే పుస్తకంలో, ఒక లైన్ ఉంది, "గేర్ వార్నింగ్ హారన్ ఊరికే మోగుతా ఉంది" అని. దాని కింద నా రాత, "చెక్ చేసినాం, లిమిట్స్‌లో ఉంది", సంతకం, లైసెన్స్ నంబరు, తేదీ. ఆ రెండు లైన్లు ఇప్పటికీ కళ్ళముందు ఆడతా ఉంటాయి, ఈ కేసు మొత్తం కూర్చోని రాస్తా ఉండేది కూడా వాటి కోసమే.

నాది రేణిగుంట. చిన్న విమానాలకి ఏఎంఈని, అంటే విమానం ఎగరడానికి బాగుందని సంతకం పెట్టి వదిలే మెయింటెనెన్స్ ఇంజినీర్ని. అప్పట్లో పనిచేసిన ఫ్లయింగ్ స్కూల్ పేరు గానీ, ఆ ఎయిర్‌స్ట్రిప్ పేరు గానీ, మనుషుల పేర్లు గానీ రాయను, ఎవర్నీ బజార్లో నిలబెట్టే ఉద్దేశం నాకు లేదు. ట్రైనీ మాత్రం మన పక్క పిల్లోడే, పుత్తూరు దగ్గర పల్లె, వాళ్ళ నాయన మామిడితోట తాకట్టు పెట్టి చదివిస్తా ఉన్నాడు.

తెలీని వాళ్ళకి ముందు విషయం చెప్తా. గేర్ అంటే ఇక్కడ కాళ్ళు, చక్రాలు. పిల్లోళ్ళు మొదట నేర్చుకునే సెస్నా 172 కి కాళ్ళు ఎప్పుడూ కిందే ఉంటాయి. పైపర్ సెనెకా రెండింజన్ల విమానం, దాంట్లో గాల్లోకి లేస్తానే చక్రాలు లోపలికి మడిచేస్తారు, గాలి అడ్డం తగ్గుతాది. ఈ పని హైడ్రాలిక్ ప్రెజర్‌తో జరుగుతాది, పైన పట్టుకోని ఉండేది కూడా ఆ ప్రెజరే, అది వదిలేస్తే కాళ్ళు వాటంతట అవే కిందికి జారతాయి, అందుకే పంపు పాడైనా ఎమర్జెన్సీ నాబ్ లాగితే చక్రాలు దిగుతాయి. మూడు కాళ్ళూ లాక్ అయితే మూడు పచ్చలైట్లు, వాటిని చూసి పైలట్ "త్రీ గ్రీన్" అని పైకి చెప్పాల, దాన్నే గేర్ కాల్ అంటాం. ఎడమ ఇంజన్ కవర్ మీద ఉబ్బెత్తు అద్దం ఒకటి ఉంటాది, దాంట్లో ముందు చక్రం దిగిందా లేదా అని పైలట్ సీట్లోంచే చూసుకోవచ్చు. ఇంక హారన్. చక్రాలు లోపలుండగా ఏ ఇంజన్ పవరైనా సుమారు 14 ఇంచుల మ్యానిఫోల్డ్ ప్రెజర్ (ఇంజన్ పవర్ చూపించే లెక్క) కన్నా కిందికి తగ్గిస్తే అది ఆగి ఆగి మోగుతాది, స్పీడ్ మరీ తగ్గితే మోగే స్టాల్ హారన్ అయితే ఆగకుండా ఒకటే మోత. ఇన్ని ఉండి కూడా చక్రాలు లేకుండా దిగినారు.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నర దాటింది. నేను హ్యాంగర్‌లో ఒక 172 స్పార్క్ ప్లగ్గులు తీసి కడుగుతా ఉన్నా. సెనెకా దిగడానికి వస్తా ఉండే శబ్దం వినపడతానే ఉంది, రోజూ వినేదే కాబట్టి తలెత్తలేదు. ఉన్నట్టుండి టకటకటకమని తారు మీద సుత్తితో కొట్టినట్టు, దాని వెనకే రేకు ఈడ్చినట్టు గరగరమని పొడుగ్గా ఒక చప్పుడు, ఇంగ తర్వాత ఏమీ లేదు. రెండింజన్లూ ఒకేసారి ఆగిపోతే ఎంత నిశ్శబ్దమైపోతాదో ఆ రోజే తెలిసింది నాకు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకోని పరిగెత్తినాం. మేం పోయేసరికి ఇన్‌స్ట్రక్టర్ ఫ్యూయల్ కట్ చేసి, మాస్టర్ (కరెంటు మెయిన్ స్విచ్) ఆఫ్ చేసి, పిల్లోణ్ణి దింపేసి గడ్డిలో నిలబడున్నాడు. దెబ్బలేమీ లేవు. పిల్లోడి చేతులు మాత్రం వణకతా ఉన్నాయి, "అన్నా, త్రీ గ్రీన్ అన్నానన్నా, అన్నాను నేను" అదే మాట మళ్ళీ మళ్ళీ.

ఇక్కడ ఒకటి ఆగి చెప్పాల, ఎందుకంటే ఆ సాయంత్రం ప్రాణాలు నిలబెట్టింది ఇదే. ప్రొపెల్లర్ తారుకి తగిలిన చప్పుడు వినగానే పిల్లోడి చెయ్యి థ్రాటిల్స్ (ఇంజన్ పవర్ లివర్లు) మీదికి పోయింది, ముందుకి తోసి మళ్ళీ లేపేద్దామని. ఇన్‌స్ట్రక్టర్ ఆ చెయ్యి మీద తన చెయ్యేసి గట్టిగా వెనక్కి పట్టినాడు. చక్రాలు లేవని తెలిసిన క్షణంలో ఎవరికైనా లేచిపోదామనే అనిపిస్తాది, కానీ మొనలు వంగిన ప్రొపెల్లర్, దెబ్బ తగిలిన క్రాంక్‌షాఫ్ట్, వాటితో మళ్ళీ గాల్లోకి పోతే ఎంతసేపు ఎగురుతాదో ఎవరూ చెప్పలేరు. 2020 మే 22న కరాచీలో పీఐఏ వాళ్ళ ఎయిర్‌బస్ ఏ320 అట్లనే చక్రాలు లేకుండా రన్‌వే మీద ఇంజన్లు రాసుకోని మళ్ళీ లేచింది, కాసేపటికి రెండింజన్లూ పోయి ఇళ్ళ మీద పడింది, లోపలున్న 99 మందిలో 97 మంది చనిపోయినారు. అక్కడ కూడా కాక్‌పిట్‌లో వార్నింగులు మోగతానే ఉన్నాయి. విమానం పెద్దదైనా చిన్నదైనా ఒకసారి పొట్ట నేలకి తగిలిందంటే దిగిపోయినట్టే, ముందుకి జారనీయాల్సిందే, రేకు పోతే పోనీ.

విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏకి, ప్రమాదాల మీద విచారణ చేసే ఏఏఐబీకి సమాచారం పోయింది. వాళ్ళు సరే అనేదాకా విమానాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, అది రూలు. ఆ మధ్యలో ఫోటోలు తీసినాం. గేర్ లివర్ అప్‌లో ఉంది. రన్‌వే మీద ప్రొపెల్లర్ కొట్టిన గీతలు రెండు వరసలుగా, కొడవలితో చెక్కినట్టు అడ్డంగా ఉన్నాయి. టేపు పెట్టి కొలిస్తే మొదటి గీతలు 70 సెంటీమీటర్లకొకటి. రెండు బ్లేడ్లు, ఆర్‌పీఎం 1500 అనుకుంటే సెకనుకి 50 దెబ్బలు, అంటే సెకనుకి 35 మీటర్లు, 68 నాట్లు. మామూలుగా దిగే స్పీడే. బ్లేడు మొనలు రెండు పక్కలా వెనక్కి వంగినాయి, పవర్ మీద తగిలుంటే మొనలు ముందుకి తిరుగుతాయి. అంటే గాభరా లేదు, తొందర లేదు, చక్కటి ల్యాండింగ్ చేసినారు, చక్రాలొక్కటే తక్కువ.

పర్మిషన్ వచ్చినాక క్రేన్ పిలిపించి వెడల్పు బెల్టులేసి పైకెత్తినాం. నేనే ఎడమ సీట్లో కూర్చోని మాస్టర్ ఆన్ చేసి లివర్ డౌన్ చేసినా. పంపు గుర్రుమనింది, ఆరేడు సెకన్లు, ధడ్, ధడ్, ధడ్. మూడు పచ్చలైట్లు వెలిగినాయి. బయట నిలబడినోళ్ళంతా నా మొహమే చూస్తా ఉన్నారు, ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. యంత్రంలో లోపం లేదని అంత స్పష్టంగా తెలిసినాక మాట్లాడేదానికి ఏముంటాది.

డ్యామేజీ గురించి జాస్తి రాయను గానీ ఒక మాట. పొట్ట రేకులు, యాంటెన్నాలు, ఫ్లాప్ అంచులు కనపడే ఖర్చు. కనపడని ఖర్చు ఇంజన్లది. ప్రొపెల్లర్ మార్చేసి, క్రాంక్ ఫ్లాంజ్‌కి డయల్ గేజ్ పెట్టి తిప్పి "సరిగ్గానే ఉందిలే" అని సంతకం పెట్టే ఆశ కొందరికి పుడతాది, ఓనర్ నుంచి ఒత్తిడి కూడా ఉంటాది. ఒప్పుకోవద్దు. కాంటినెంటల్ సర్వీస్ బులెటిన్ 96-11 ప్రకారం ప్రొపెల్లర్ స్ట్రైక్ అయితే ఇంజన్ విప్పి లోపలి భాగాలు చూడాల్సిందే, లైకమింగ్ ఇంజన్లకయితే అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ ఇచ్చిన ఏడీ (తప్పక పాటించాల్సిన ఆదేశం) 2004-10-14 ఉంది, క్రాంక్‌షాఫ్ట్ గేర్ దగ్గర విప్పి చూడమని. పగులు డయల్ గేజ్‌కి కనపడదు, మాగ్నాఫ్లక్స్, అంటే అయస్కాంతంతో పగుళ్ళు వెతికే పరీక్ష, చేస్తేనే కనపడతాది. మేం రెండింజన్లూ విప్పించినాం.

స్కూల్ లోపలి సేఫ్టీ రిపోర్ట్‌లో టెక్నికల్ భాగం నన్ను రాయమన్నారు. టెక్నికల్‌గా రాయడానికి అర పేజీ కూడా లేదు, లివర్ అప్‌లో ఉంది, సిస్టం బాగుంది, అంతే. కానీ పిల్లోడు అన్న మాట నన్ను వదల్లేదు. అబద్ధం చెప్పే పిల్లోడు కాదు వాడు. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ కూడా అదే చెప్పినాడు, "వాడు త్రీ గ్రీన్ అనడం నేను విన్నా" అని. లివర్ అప్‌లో ఉంటే లైట్లు వెలగవు. మరి ఏం చూసి అన్నాడు?

పది రోజుల తర్వాత వాళ్ళ నాయన పిల్లోణ్ణి తోడుకోని రేణిగుంటలో మా ఇంటికొచ్చినాడు. మిద్దె మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టినా. ముందు స్టూలు మీద రెండు స్టీలు గ్లాసులు థ్రాటిల్స్, ఒక గరిటె గేర్ లివర్, గోడ మీద చాక్‌పీసుతో మూడు చుక్కలు పెట్టి అవే పచ్చలైట్లన్నా. "కళ్ళు తెరిచే ఉంచు, ఆ రోజు అప్రోచ్ చెయ్యప్పా" అన్నా. వాడు చేసినాడు. ఫ్యూయల్ అన్నాడు, చెయ్యి కిందికి పోయింది, సెలెక్టర్ ముట్టుకున్నట్టు. అండర్‌క్యారేజ్ (గేర్‌కే ఇంకో పేరు) డౌన్, త్రీ గ్రీన్ అన్నాడు, చెయ్యి ఒళ్ళో ఉంది, కళ్ళు ఎదురుగా వేపచెట్టు మీద, అంటే రన్‌వే ఉండే చోట. మిక్స్చర్ (ఇంజన్‌కి పోయే పెట్రోలు, గాలి పాళ్ళు మార్చే లివర్) అన్నాడు, చెయ్యి లేచింది. మళ్ళీ చెయ్యమన్నా. ఐదుసార్లు చేయించినా, ఐదుసార్లూ మిగతా అన్నిటికీ చెయ్యి కదిలింది, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నోరొక్కటే కదిలింది. వాడికి నేను చెప్పేదాకా తెలీదు.

ఎందుకట్లా అని లెక్కలు తీసినాం. మన దేశంలో కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు కావాల, వాటిలో ఎక్కువ భాగం 172 మీదే ఎగురుతారు. ముందు ముందు పనికొస్తాదని మొదటి రోజు నుంచే గేర్ కాల్ కూడా చెప్పిస్తారు, ఆ విమానంలో లివరూ లేదు, లైటూ లేదు. ఒక్కో సర్క్యూట్‌కి, అంటే లేచి రన్‌వే చుట్టూ తిరిగి దిగే ఒక్కో రౌండుకి, ఒకసారి, వందల సార్లు, చూడ్డానికి ఏమీ లేని చోట "త్రీ గ్రీన్" అని చెప్పి చెప్పి అది మంత్రమైపోయింది. మంచికే నేర్పినారు, కానీ కన్నుతో పని లేకుండా నోటికి నేర్పినారు. సెనెకాకి వచ్చేసరికి లైట్లు వచ్చినాయి, నోటికి వాటితో పనే లేదు.

ఇది సగం కత. రెండో సగం సింగిల్ ఇంజన్ ప్రాక్టీసు. రెండింజన్ల విమానం నేర్పేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ ఒక థ్రాటిల్ తగ్గించి ఒక ఇంజన్ చచ్చిపోయినట్టు ఎగరమంటాడు. అప్పుడు చక్రాలు ముందే దించకూడదు, ఒక ఇంజన్‌తో ఆ గాలి అడ్డం మోయలేక ఎత్తు పోతాది కాబట్టి, రన్‌వే చేరేది ఖాయం అనుకున్నాకే దించాల. ఇది సరైన పద్ధతే, ఎవరి తప్పూ లేదు. కానీ మామూలుగా డౌన్‌విండ్‌లో (రన్‌వే పక్కనే దానికి సమాంతరంగా వెనక్కి ఎగిరేటప్పుడు) రన్‌వే మొదలుకి ఎదురుగా వచ్చినప్పుడు దించే అలవాటుంది చూడండి, ఆ పనిని దాని చోటు నుంచి పీకేసి "తర్వాత" అనే చోట పెట్టినాం. తర్వాత అనేదానికి గుర్తేముంటాది? ఆ రోజు ఆ తర్వాత వచ్చే టైముకి, ఆరు వందల అడుగుల్లో, రన్‌వే మీద ఇంకో 172 నెమ్మదిగా వెనక్కి వస్తా ఉంది. పక్కకి పోతాడా పోడా అని ఇద్దరి కళ్ళూ దాని మీదే. "కంటిన్యూ, పోతాడు" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. పోయింది. హమ్మయ్య అనుకున్నారు ఇద్దరూ, ఆ హమ్మయ్యలోనే అన్నీ అయిపోయినట్టు అనిపించింది.

మరి హారన్? మోగింది. కాకపోతే అది అప్పటికే నాలుగు నిమిషాల నుంచి మోగుతా ఉంది. ఎడమ థ్రాటిల్ తగ్గించి పెట్టినారు కదా, చక్రాలు లోపలున్నాయి కదా, ఆ హారన్ ప్రతి సింగిల్ ఇంజన్ ప్రాక్టీసులోనూ మొదటి నుంచి చివరిదాకా మోగుతానే ఉంటాది. చెవులకి హెడ్‌సెట్లు ఉంటాయి, హారన్ మోత కిందెక్కడో ఫ్యాను చప్పుడు లాగా అయిపోతాది. చివర్లో కుడి థ్రాటిల్ కూడా మూసినప్పుడు కొత్తగా ఏమీ మోగలేదు, మోగేదానికి కొత్త శబ్దమే లేదు. పిల్లోడు నేల దగ్గర వినింది స్టాల్ హారన్ అనుకున్నాడంట, బాగా దిగతా ఉన్నానని సంతోషపడినాడంట. ఇది చెప్పేటప్పుడు వాడి గొంతు పోయింది.

ఇప్పుడు నా రెండు లైన్ల దగ్గరికొస్తా. ఆ స్నాగ్ రాసింది వేరే ఇన్‌స్ట్రక్టర్. ఇదంతా అర్థమైనాక ఆయనకి ఫోన్ చేసి, సార్, ఆ హారన్ యాడ మోగింది, ఎప్పుడు మోగింది అనడిగినా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పినాడు, క్రాస్ కంట్రీ (వేరే ఊరికి పోయే ట్రైనింగ్ ఫ్లైట్) మీద రేణిగుంటకి పోయినప్పుడు, వెనక ఎయిర్‌లైన్ ఫ్లైట్ ఉంది స్పీడ్ మీద రమ్మన్నారు, స్పీడ్ ఉంచాలని గేర్ వేయలేదు, ఫైనల్‌లో, అంటే రన్‌వేకి నేరుగా దిగే చివరి దారిలో, పవర్ తగ్గించేసరికి హారన్, "దీని గోల మళ్ళీ మొదలైంది" అనుకున్నాడంట, రెండు మూడు సెకన్లు అట్లనే పోయినాక చెయ్యి లివర్‌కి తగిలి చూసుకుంటే అప్‌లో ఉంది. మూడు వందల అడుగుల్లో దించినాడు. సేఫ్‌గా దిగినాం కదా అని ఎవరికీ చెప్పలేదు. వెనక్కి వచ్చినాక చిరాకుతో స్నాగ్ రాసినాడు, హారన్ ఊరికే మోగుతా ఉందని.

ఊరికే మోగలేదు అది. ఆ ఒక్క రోజు ఆ హారన్ చేయాల్సిన పని చేసింది, విమానాన్ని కాపాడింది, మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు కూడా లేని రన్‌వే మీద. నేనేం చేసినా? విమానాన్ని జాకీల మీద ఎత్తి, థ్రాటిల్ వెనక్కి లాగి, స్విచ్ ఎక్కడ కలుస్తా ఉందో చూసి, సరిగ్గా ఉందని సంతకం పెట్టినా. స్విచ్‌ని అడిగినా గానీ మనిషిని అడగలేదు. "యాడ మోగింది సార్" అని ఒక్క మాట అడిగుంటే ఆ రోజే అంతా బయటపడేది, మూడు వారాలు టైముండింది మాకు.

పైలట్లలో ఒక మాట తిరుగుతా ఉంటాది, గేర్ మర్చిపోయి దిగినోళ్ళు కొందరు, ముందుముందు దిగబోయేవాళ్ళు కొందరు, అంతే రెండు రకాలని. నాకు ఆ మాటంటే ఒళ్ళు మండతాది. తలరాత అన్నట్టు చెప్పేసి అందరూ నవ్వేస్తారు, తర్వాత ఎవరూ ఏమీ మార్చరు. ఈ కేసులో తలరాత యాడుంది? 172 లో కన్ను లేని కాల్, ప్రాక్టీసులో నాలుగు నిమిషాల హారన్, చోటు తప్పిన లివర్, అడగని ఏఎంఈ. ఒక్కొక్కటీ చేత్తో పట్టుకోని మార్చగలిగిందే.

మార్చినవి చెప్తా. 172 లో ఇప్పుడు "త్రీ గ్రీన్" అనే మాటే లేదు. గేర్ కాల్ వచ్చినప్పుడు కిటికీలోంచి కిందికి వంగి టైరు చూసి "చక్రం ఉంది" అనాల. 172 కి రెక్క పైనుంటాది, టైరు చక్కగా కనపడతాది. సెనెకాకి పోయినాక అదే కన్ను మొదట ఇంజన్ కవర్ మీద అద్దానికి, తర్వాత లైట్లకి పోతాది. లైట్ల మీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని ముట్టుకోవాల. ఈ వేలు పెట్టే సంగతి నాకు అలిపిరిలో తట్టింది. మెట్లు ఎక్కేటప్పుడు లెక్కపెడతా పోయేవాడు ఎవరైనా పలకరిస్తే లెక్క మర్చిపోతాడు, 3550 మెట్లకీ పసుపు కుంకుమ పెడతా మెట్ల పూజ చేసుకుంటా పోయే ఆడోళ్ళు మాత్రం మధ్యలో కూర్చోని నీళ్ళు తాగి, బిడ్డ ఏడిస్తే ఎత్తుకోని, మళ్ళీ సరిగ్గా ఆ మెట్టు దగ్గరే మొదలుపెడతారు, ఎందుకంటే యాడిదాకా అయిందో మెట్టు మీదే కనపడతా ఉంటాది. ఒకామెని చూస్తా చాలాసేపు నిలబడిపోయినా ఆ రోజు.

లైట్ల విషయంలో ఇంకొకటి, సెనెకాలో న్యావ్ లైట్లు (రెక్కల చివర, తోక మీద వెలిగేవి) ఆన్‌లో ఉంటే ఈ పచ్చలైట్లు రాత్రి కోసమని డిమ్ అయిపోతాయి, పగటి ఎండలో వెలిగినట్టే కనపడవు. "డిమ్‌గా ఉన్నాయిలే" అని కాల్ చెప్పేయడం మా దగ్గర కొందరికి అలవాటైపోయి ఉండింది. ఇప్పుడు కనపడకపోతే న్యావ్ స్విచ్ చూడాల, అయినా కనపడకపోతే గో అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ లేచిపోవాల.

సింగిల్ ఇంజన్ ప్రాక్టీసులో "తర్వాత" తీసేసినాం. ఐదు వందల అడుగులు అనేది గీత, అక్కడ లైట్లు ముట్టుకోకపోతే ప్రాక్టీసు ఆపేసి రెండింజన్ల పవర్ పెట్టి లేచిపోవాల, రన్‌వే మీద ఎవరున్నా లేకపోయినా. ఇంక హారన్ మోగిన ప్రతిసారీ పిల్లోడు నోరు తెరిచి కారణం చెప్పాల, "హారన్, గేర్ అప్, నేనే పెట్టినా" అని, డౌన్‌విండ్‌లో ఒకసారి, రన్‌వే వైపు తిరిగే బేస్‌లో ఒకసారి, ఫైనల్‌లో ఒకసారి. ఇన్‌స్ట్రక్టర్లు మొదట్లో ఇది పని పెంచుతా ఉందన్నారు, నిజమే, పెంచుతాది. స్నాగ్ షీట్‌లో వార్నింగుల కింద మూడు గళ్ళు కలిపించినా: యాడ, ఎంత ఎత్తులో, అప్పుడు చక్రాలు ఎట్లున్నాయి.

ఆ రోజు మిద్దె మీద నుంచి దిగేటప్పుడు వాళ్ళ నాయన నన్ను పక్కకి పిలిచి "మావోడి తప్పేనా సామీ" అన్నాడు. వాడిదొక్కడిదే కాదన్నా, దాంట్లో నాది కూడా ఉంది అని చెప్పి స్నాగ్ బుక్కు సంగతి మొత్తం చెప్పినా. ఆయన ఏమీ అనలేదు, తెచ్చిన మామిడికాయల సంచి మా వాకిట్లో పెట్టి పోయినాడు.

విమానం ఇంజన్లు, ప్రొపెల్లర్లు కొత్తవేసుకోని తిరిగొచ్చేసరికి ఏడు నెలలు పట్టింది. పిల్లోడు అదే విమానంలో మిగిలిన గంటలు పూర్తి చేసినాడు. వాడి మొదటి సార్టీ (ఒకసారి ఎగిరి రావడం) అయినాక షీట్‌లో ఒక ఎంట్రీ ఉంది: "గేర్ హారన్ మోగింది. డౌన్‌విండ్, వెయ్యి అడుగులు, చక్రాలు లోపల. దించినాక ఆగింది." అది స్నాగే కాదు, రాయాల్సిన పని లేదు. నేను జాకీల మీద ఎత్తి స్విచ్ చూసి, తర్వాత క్యాంటీన్‌లో వాడి పక్కన కూర్చోని మొత్తం ఇంకోసారి చెప్పించుకోని, అప్పుడు సంతకం పెట్టినా.